సి.టి. నార్మల్ అంటే నిశ్చింతేనా?

కాన్పయిన వారం పది రోజులకు బాలింత తలనొప్పి అంటే మన ఇళ్ళల్లో పెద్దగా పట్టించుకోరు. నిద్ర చాలక అంటారు, చలిగాలి తగిలి అంటారు. తరువాత వాంతులు, చూపు మసక, ఆఖరికి ఫిట్స్. అప్పటికీ "గాలి సోకింది" అనేవారు ఉన్నారు. చోడవరం నుండి అనకాపల్లికో విశాఖపట్నానికో తీసుకువెళ్ళి సి.టి. స్కాన్ తీయిస్తారు. రిపోర్టులో నార్మల్ అని చూసి ఇంటికి తిరిగి వచ్చేస్తారు. నా అభ్యంతరం ఆ తిరిగి రావడం గురించే.

చెరకు మడికి నీరు పెట్టే కాలువ బాగానే ఉన్నా, మురుగు పోయే కాలువ పూడితే మడి మునిగిపోతుంది కదా. మెదడులోనూ అంతే. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరల్లో గడ్డ కడితే వెనుక ఒత్తిడి పెరిగి మెదడు వాస్తుంది, ఒక్కొక్కప్పుడు రక్తం చిమ్ముతుంది. మామూలు సి.టి.లో ఈ గడ్డ కొందరిలో తెల్లగా కనబడుతుంది, చాలామందిలో కనబడనే కనబడదు. సిరలను చూడాలంటే సిరల ఫోటోయే తీయాలి. చేతి నరానికి మందు ఎక్కించి తీసేది సి.టి. వీనోగ్రామ్. ఎం.ఆర్. వీనోగ్రామ్ ఆ మందు లేకుండా కూడా తీయవచ్చు, గర్భిణులకు అది మేలు. అయితే ఒక పక్క సిర పుట్టుకతోనే సన్నగా ఉండేవారున్నారు. దాన్ని గడ్డ అని పొరబడకుండా ఎం.ఆర్.ఐ.తో కలిపి చూడాలి.

ఇది బాలింతల జబ్బు మాత్రమే అనుకోవద్దు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 2012లో ప్రచురించిన 428 మంది రోగుల వివరాలలో సగానికి పైగా మగవారే. సగటు వయస్సు 31 చిల్లర. రక్తహీనత, మద్యం, గర్భనిరోధక మాత్రలు కూడా కారణాలలో కనబడ్డాయి.

గడ్డ అని తేలితే హెపారిన్ ఇస్తారు. "మెదడులో రక్తం చిమ్మిందంటున్నారు, రక్తం పలుచన చేసే మందా?" అని ఇంటివారు బెదిరిపోతారు. ఆ భయం సహజమే. కాని 1991లో జర్మనీ వైద్యులు 20 మందిపై జరిపిన పరీక్షలో హెపారిన్ పొందిన పదిమందిలో ఒక్కరూ చనిపోలేదు, పొందని పదిమందిలో ముగ్గురు చనిపోయారు. సిరల గడ్డ వల్ల రక్తం చిమ్మినా నేటికీ ఈ మందే మొదటి మందు. సకాలంలో వైద్యం అందినవారిలో ఎక్కువమంది కోలుకుంటారు.

పల్లెల్లో పనిచేసే తోటి డాక్టర్లకు, నర్సులకు నా మనవి ఒకటుంది. పెద్ద ఆసుపత్రికి పంపే చీటీలో "తలనొప్పి, ఫిట్స్" అని ఊరుకోకండి. "కాన్పయి 10 రోజులు, సిరలు చూడగలరు" అని రాయండి. అక్కడ స్కాను తీసేవారికి ఆ ఒక్క ముక్క లేకపోతే అది వంద తలనొప్పుల్లో ఒకటి. ఇంట్లోవారు కూడా "సిరల స్కాను అవసరమా డాక్టరుగారూ?" అని అడగవచ్చు, తప్పేమీ లేదు.

పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించడం మాత్రం మానండి అమ్మా. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. దాహమేసినప్పుడల్లా కాచి చల్లార్చిన నీళ్ళు కడుపునిండా ఇవ్వండి.