వర్ణ వైవిధ్యం: జ్ఞానులకు ఒక సూచన

పెళ్లిచూపులు ముగిసిన పిమ్మట అనేక ఇళ్లలో వినవచ్చే మాట ఒకటుంది: “అమ్మాయి గుణవంతురాలే, కాని రంగు తక్కువ.” ఇంతకూ రంగులో ఈ ఎక్కువ తక్కువలు ఎక్కడివి?

దివ్య ఖుర్ఆన్‌లోని అర్‌రూమ్ సూరా 22వ ఆయత్ మానవుల భాషలలోను, వర్ణాలలోను గల వైవిధ్యాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొని, జ్ఞానుల దృష్టిని దానివైపు మళ్లించింది. కనుక దానిని అవమానానికి సాధనంగా చేసుకోక, అర్థం చేసుకోవడం మన కర్తవ్యం.

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దానిని తయారుచేసే కణాల సంఖ్య నల్లనివారిలోను, తెల్లనివారిలోను దాదాపు సమానమే. మెలనిన్ పరిమాణంలో, రకంలో మాత్రమే భేదం ఉంటుంది. భూమధ్యరేఖ పరిసరాల్లో సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఏడాది పొడవునా తీవ్రంగా ఉంటాయి. గర్భస్థ శిశువు మెదడు, వెన్నుపాము సక్రమంగా రూపొందడానికి అవసరమైన ఫోలేట్ అనే విటమిన్‌ను అవి నశింపజేయగలవు. ముదురు చర్మం గొడుగువలె వాటిని అడ్డుకుంటుంది. ఉత్తర ఐరోపాలో ఎండ బలహీనం. ఎముకలకు బలమిచ్చే విటమిన్-డి తయారు కావాలంటే ఆ కొద్దిపాటి కిరణాలు చర్మంలోనికి చేరాలి. లేత చర్మం అందుకు తోడ్పడుతుంది. నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే పరిశోధకులు 2000లో ఈ వివరణను సమగ్రంగా ప్రచురించారు. ఏ నేలకు తగిన రక్షణ ఆ నేలవారికి లభించిందన్నమాట!

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక పరిశోధన 2013లో వెలువడింది. లేత రంగుకు దోహదపడే ఒక జన్యుమార్పు ఐరోపావాసులకు, భారతీయులకు ఒకే మూలం నుంచి సంక్రమించిందని అది తెలిపింది. రంగును నిర్ణయించే జన్యువులు అనేకం. అందుకే ఒకే తల్లి బిడ్డలలో ఒకరు తెల్లగా, మరొకరు చామనఛాయగా ఉంటారు. ఇందులో ఏ బిడ్డ ఘనతా లేదు, ఏ బిడ్డ దోషమూ లేదు.

అయినప్పటికీ ఈటెపోటు వంటి ఆ ఒక్క మాటకు వెరచి ఎందరో ఆడపిల్లలు తెల్లబరిచే క్రీములను ఆశ్రయిస్తున్నారు. వాటిలో కొన్నింట పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

హిజ్రీ 10వ సంవత్సరంలో, అంతిమ హజ్ సందర్భంగా దైవప్రవక్త (స) వర్ణాధిక్యతను నిరాకరించి, దైవభీతినే ఘనతకు కొలబద్దగా ప్రకటించారు. సోదర సోదరీమణులారా! కోడలిని ఎంచుకునేటప్పుడు మన చేతిలో ఉండవలసిన కొలబద్ద అదే.