బందరుని డిలీట్ చేసిన పాపం

మాది ఖమ్మం జిల్లా బోనకల్. సముద్రంతో మాకున్న సంబంధమల్లా అమ్మమ్మగారి ఊరు బందరు కావడమే. సెలవులొస్తే రైలెక్కి, బెజవాడలో మారి, బందర్లో దిగేవాళ్ళం.

కొన్నేళ్ళ క్రితం ఆఫీసులో అడ్రసుల డేటా శుభ్రం చేసే పని నా నెత్తిన పడింది. ఒక ఊరికి ఒకటే పేరుండాలి. బందరు, మసులీపటం అన్నీ కొట్టేసి మచిలీపట్నం ఒక్కటే ఉంచుతూ స్క్రిప్టు రాశా. లిస్టులో లేని పేటలన్నీ తప్పుల కింద జమ. తీరా టెస్టింగులో అమ్మమ్మ వాళ్ళ అడ్రసు కొడితే "సరైన పేరు ఇవ్వండి" అంది! వాళ్ళుండేది వలందపాలెంలో మరి.

వలందులంటే డచ్చివాళ్ళు. 1605లో ఇక్కడ దిగారు. అప్పట్లో ఇది గోల్కొండ సుల్తానుల రేవు. 1611లో ఇంగ్లీషువాళ్ళొచ్చారు. 1750లో ఊరు ఫ్రెంచివాళ్ళ చేతికెళ్ళింది, 1759లో కోట పట్టుకుని ఇంగ్లీషువాళ్ళు లాగేసుకున్నారు. ఫ్రెంచివాళ్ళు మనకి పరాసులు, అదే పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. అసలు బందరన్నా పారసీలో రేవు అనే.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. రేవు మేట వేసి, ఓడలు దూరంగా లంగరు వేసుకోవాల్సి వచ్చింది. వ్యాపారం పోయింది, కోట పాడుబడింది, డచ్చివాళ్ళ సమాధులు మిగిలాయి. వాటితోపాటు మిగిలినవి ఈ పేర్లే. నాలుగొందల ఏళ్ళు నిలిచినవాటిని నేను నాలుగు లైన్ల కోడుతో లేపేశా.

"ఒకటే పేరుంటే గందరగోళం ఉండదు కదా" అంటారు. నిజమే, కానీ ఒకటే ఉండాల్సింది కీ, పేరు కాదు. ఊరికో నంబరిచ్చి, దానికింద ఎన్ని పేర్లున్నా పెట్టుకోవచ్చు. ఓ టేబుల్ ఎక్కువవుతుంది, అంతే. బెజవాడలో బందరు రోడ్డు కాగితాల్లో మహాత్మా గాంధీ రోడ్డు. ఆటో ఎక్కి ఏమంటారో మీకే తెలుసు. మామూలు రోజుల్లో ఇది నవ్వుకునే విషయమే. తుఫాను రాత్రి ఫోన్ చేసిన మనిషి మాత్రం నోటికొచ్చిన పేరే చెప్తాడు, మన లిస్టులోది కాదు. ఆ పేరు మన సిస్టంకి తెలియకపోతే తప్పు అతనిదా, మనదా?

ఆ స్క్రిప్టు తర్వాత నేనే మార్చా. వలందపాలెం మళ్ళీ వచ్చింది. కానీ అలా ఎన్ని ఊళ్ళలో ఎన్ని పేటలు పోయాయో!

2023లో మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. రేవు కట్టడానికి వేల కోట్లు కావాలి. పేర్లు నిలబెట్టడానికి పైసా అక్కర్లేదు. ఈ ఆదివారం మీ ఊరి పెద్దవాళ్ళనడిగి ఓ పది పేటల పేర్లు, అవెలా వచ్చాయో తెలుగు వికీపీడియాలోనో ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లోనో ఎక్కించండి. మా బోనకల్‌తో నేను మొదలెడుతున్నా.