విజ్ఞాన వీచిక: విషం చిమ్మే నాగు

దీపావళి వెళ్ళిన నాలుగోనాడు నాగుల చవితి. పుట్టలో పాలు పోసే జాతి మనది కనుక, ఈ సంచికలో నాగుపామును గూర్చి ముచ్చటించుకోవడం సమంజసమే.

మన పెద్దలు ఆంధ్రదేశంలో పూజించిన నాగు తనను తాను కాపాడుకోవడానికి పడగ విప్పి బుసకొడుతుంది; తప్పనిసరైతే కాటువేస్తుంది. ఇక్కడ మలేషియా తోటల్లో తిరిగే నల్లనాగు ఈ రెండూ చేస్తూనే, దూరం నుంచి కళ్ళలోకి విషం కూడా చిమ్ముతుంది. మలయ్ భాషలో దీన్ని 'ఊలార్ తెడుంగ్ సెండుక్' అంటారు. సెండుక్ అంటే గరిటె.

మామూలు నాగు కోర చివరి రంధ్రం కోలగా, కిందికి తెరుచుకుని ఉంటుంది. విషం చిమ్మే నాగుకు అది చిన్నదిగా, గుండ్రంగా, ముందుకు తిరిగి ఉంటుంది. విషగ్రంథిని కండరాలు నొక్కగానే, చిమ్మనగ్రోవిలోంచి వసంతం చిమ్మినట్లు విషం ఆరడుగుల దూరం దాకా దూసుకువస్తుంది. చిమ్మేటప్పుడు పాము తల వేగంగా అటూ ఇటూ ఊపుతుంది. అందువల్ల విషం ముఖమంతా చెదిరి, కంట్లో పడకుండా పోవడం అరుదు. ఎరను పట్టడానికి మాత్రం ఇలా చిమ్మదు, కాటే వేస్తుంది. చిమ్మడం కేవలం ఆత్మరక్షణకే.

ఈ విద్య ఆఫ్రికా నాగులకు, ఆసియా నాగులకు, దక్షిణాఫ్రికా ప్రాంతపు రింకాల్స్ పాముకు వేర్వేరుగా మూడుసార్లు అబ్బిందని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మూడింటి విషంలోనూ నొప్పిని రెట్టింపు చేసే ఒకే రకం పదార్థం చేరిందట. నిటారుగా నిలబడి రాళ్ళు రువ్వే మన పూర్వ మానవులకు జడిసే ఇది పుట్టి ఉండవచ్చునని వారి ఊహ.

చర్మం మీద గాయం లేకపోతే ఈ విషం సాధారణంగా హాని చేయదు. కంట్లో పడితే మాత్రం భరించలేని మంట. అశ్రద్ధ చేస్తే చూపే పోవచ్చు. కళ్ళు నులమకూడదు. ఆకుపసర్లు పోయకూడదు. రెప్పలు తెరిచి పట్టుకుని పావుగంటకు తక్కువ కాకుండా మంచినీళ్ళు ధారగా పోసి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పాము ఇంట్లోకి వస్తే కర్ర పట్టుకుని ముందుకు వెళ్ళకండి. పిల్లలను దూరంగా తీసుకుపోయి, 999కి ఫోను చేయండి. "కాటుకు అందనంత దూరంలో ఉన్నాం కదా" అన్న మన ఊరి ధీమా ఇక్కడ పనికిరాదు. చవితినాడు చేతులు జోడించినా, నాలుగు బారల దూరం నుంచే జోడిద్దాం!