ఘాటు వేరు, మంట వేరు

తెర మీద చుట్ట వెలిగిందంటే వచ్చినవాడు విలనన్నా అవాలి, జమీందారన్నా అవాలి. గుప్పుగుప్పున నాలుగు దమ్ములు లాగి, పొగంతా హీరో మొహాన ఊది, సగం చుట్టని బూటు కింద నలిపేస్తాడు. ముందు వరసల్లో ఈలలు! (ఇప్పుడు కింద హెచ్చరిక అక్షరాలు కూడా పడుతున్నాయనుకోండి.) కానీ అలా నలిపేవాడికి చుట్ట సంగతి బొత్తిగా తెలీదు.

తెలిసినవాడు షెర్లాక్ హోమ్స్. 1890లో కోనన్ డాయల్ రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో, బూడిద చూసి పొగాకు పేరు చెప్పగలనంటూ ఆయన ఉదాహరణకి ఎత్తుకున్నది మన గోదావరి లంక చుట్టనే! లండన్ డిటెక్టివుకున్న పాటి పరిజ్ఞానం మన దర్శకులకి లేకపోతే ఎలా?

తిరువూరు దగ్గర నెమలిలో మా పెద్దనాన్న ఉన్నాడు. ఆయనకి చుట్టంటే లంకాకే, ఒండ్రుమట్టిలో పండినదే. పరీక్ష ఎలా చేస్తావని మొన్న అడిగాను. ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేళ్లతో నొక్కాడు. మరీ గట్టిగా ఉన్నచోట బుగ్గలు పీక్కుపోయినా పొగ రాదట. తర్వాత వాసన. ముక్కుపుటాలు అదిరితే ఆకు ఇంకా మగ్గలేదన్నమాట.

వెలిగించింది నేను. “గొంతు దిగనీకు. నోట్లో తిప్పి వదిలెయ్. నిమిషానికొక్క దమ్ము చాలురా” అన్నాడు. మొదట మిరియం కారం. సగానికొచ్చేసరికి వేయించిన కాఫీగింజల కమ్మదనం. చివర్లో చేదెక్కి, తల కాస్త తిరిగింది. అదీ ఘాటంటే. విలనుగారిలా గబగబా లాగితే చుట్ట వేడెక్కి నాలిక చుర్రుమంటుంది. అది మంటే గానీ ఘాటు కాదు. బూడిద మాత్రం అంగుళం పొడుగున రాలకుండా నిలిచింది.

పెద్దనాన్న వెలిగించలేదు. అంగిట్లో తెల్లమచ్చ చూసి డాక్టరు మానిపించి నాలుగేళ్లయింది. పొగ మింగకపోతే ఏమీ కాదనే మాట వట్టిదే. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు కొస నోట్లో పెట్టి అడ్డపొగ పీల్చే ఆడవాళ్లకి అంగిట్లోనే క్యాన్సర్ వస్తోందని డాక్టర్లు ఏనాడో తేల్చారు.

ఆయన వెలిగించని చుట్టనే ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పాడు: “ఆకు మంచిదే. చుట్టినవాడే చివర బిగించేశాడు.”