నుదురు పెరిగిందా, పెరిగిందని భయమా?



ఈ మధ్య జ్వరమనో, కడుపునొప్పి అనో చీటీ రాయించుకొని వచ్చే యువకులు చివరిలో మెల్లగా టోపీ తీసి, "సిస్టర్, నా నుదురు వెనక్కి పోతుందా?" అని అడుగుతున్నారు. వెంట వచ్చిన తల్లులైతే "పెండ్లి సంబంధాలు తప్పిపోతున్నాయమ్మా" అంటున్నారు. ఇది నవ్వి తోసివేయవలసిన ప్రశ్న కాదని మా అభిప్రాయము. అయితే అప్పు చేసి హైదరాబాదు బస్సు ఎక్కకముందు ఒక్క పని చేయాలి. అసలు జుట్టు గీత మొదట ఎక్కడ ఉండేదో తెలుసుకోవాలి. అది తెలియకుండా ఎంత పోయిందో ఎవరు చెప్పగలరు?

చిన్నపిల్లవాని నుదుటిమీద జుట్టు కిందికి, గుండ్రంగా ఉంటుంది. పదిహేడేండ్ల నుండి ఇరవై దాటేవరకు చాలామంది మగవారికి ఆ గీత ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి జరిగి, రెండు మూలలు కొంచెం లోపలికి పోతాయి. ఇది బట్టతల కాదు, మీసం వచ్చినట్లే వయసుతో వచ్చే మార్పు. పదో తరగతి ఫోటోతో పోల్చుకొని బెంగపడే పిల్లలలో చాలామందిది ఇదే సంగతి.

ఇంట్లో చూసుకొనే పద్ధతి చెప్పుతాము. వెలుతురులో అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు బాగా పైకెత్తండి. నుదుటిమీద ముడతలు పడతాయి. నుదుటి కండరము వల్ల పడే ఈ ముడతలలో అన్నిటికంటె పైదానిని గుర్తించండి. చిన్ననాటి గీత దాదాపు ఆ ముడతకు కొంచెం పైననే ఉండేది. ఇప్పుడు ఆ ముడతకు, జుట్టుకు మధ్య ఒక వేలు వెడల్పు ఖాళీ ఉంటే అది పెద్దవారి మామూలు గీతే. అంతకు మించి ఉండి, ఏటేటా పెరుగుతుంటే, ముఖ్యంగా మూలలు లోతుగా పోతుంటే, గీత వెనక్కి జరుగుతున్నదని అనుకోవచ్చు. ఆ ఖాళీలో పసిపిల్లల జుట్టువంటి సన్నని, పొట్టి వెంట్రుకలు కనబడితే అక్కడ ఒకప్పుడు మంచి జుట్టు ఉండేదనుటకు అది గుర్తు. పాత ఫోటోలు కూడ తీయండి. హాల్ టికెట్, బాప్తిస్మము నాటి ఫోటో, అన్న పెండ్లి ఆల్బమ్, ఏవైనా సరే. తల వంచనివి, జుట్టు వెనక్కి దువ్వినవి చూడాలి. పుట్టుకతోనే నుదురు వెడల్పైన వంశాలు ఉన్నవి గనుక తండ్రిని, మేనమామలను కూడ చూడండి.

మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో నింద ముందుగా బోరు నీటిమీద పడుతుంది. ఫ్లోరైడు మన మర్రిగూడ, మునుగోడు పల్లెలకు చేసిన కీడు మనకు తెలియనిది కాదు. పండ్లు గారపట్టి, ఎముకలు వంగిన వారిని వార్డులలో చూచినవారమే. కాని నుదుటి రెండు మూలల నుండి మొదలై వెనక్కి పోయే ఈ తీరుకు కారణము నీరు కాదు. అది వంశము నుండి వచ్చే గుణము, మగవారిలో ఉండే హార్మోను కలిసి చేసే పని. యౌవనానికి ముందే వృషణములు కోల్పోయిన వారికి ఇటువంటి బట్టతల రాదని అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లోనే చూపించాడు. అందుచేత నీరు మార్చినా, మందారాకు, గుంటగలగరాకు, ఉల్లిరసము మార్చి మార్చి రాసినా గీత కిందికి దిగిరాదు. కొబ్బరినూనె జుట్టుకు మంచిదే. దానిని మందనుకొని వందలు పోయడమే మాకు నచ్చదు.

స్త్రీలలో ఈ తీరు వేరు. ముందటి గీత సాధారణంగా చెదరదు, పాపిట వెడల్పవుతుంది. గీతే వెనక్కి పోతుంటే గట్టిగా లాగి వేసే జడలను, బిగుతు ముడులను ముందు అనుమానించాలి. మా నర్సింగ్ పిల్లలకు ముడి వదులుగా పెట్టుకోమని చెప్పేది ఇందుకే. త్వరగా మానుకుంటే జుట్టు తిరిగి వస్తుంది. ఏండ్ల తరబడి లాగితే రాదు. కాన్పు తరువాత, టైఫాయిడు, డెంగీ వంటి జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. అది చాలామందికి కొన్ని నెలలలో దానంతటదే సర్దుకుంటుంది.

బైబిలులో లేవీయకాండము 13వ అధ్యాయము చాలామంది కుష్ఠును గురించినదని మాత్రమే అనుకుంటారు. 40వ వచనము నుండి చదవండి. తల వెనుకనైనా, నుదుటిమీదనైనా వెంట్రుకలు రాలినవాడు పవిత్రుడేనని అక్కడ స్పష్టంగా ఉన్నది. ఆ చోట పొడ లేచినప్పుడే యాజకుడు పరీక్షించాలి. వేల ఏండ్ల క్రిందటనే జుట్టు రాలుటను ఒకవైపు, రోగమును ఒకవైపు విడదీసి చెప్పారు. మేము వార్డులో చేసేదీ అదే. బేతేలు దారిలో ఎలీషా ప్రవక్తనే బోడివాడని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి వలన ఆయన ప్రవక్త కాకుండా పోలేదు. సంఘములో పిల్లవానిని నుదురు చూచి వద్దనే పెద్దలు ఈ రెండు భాగములు చదవాలని మనవి.

మరి ఎప్పుడు ఆసుపత్రికి రావాలి? బిళ్ళంత మేర నున్నగా పోయినప్పుడు, అంటే మనవారు పేనుకొరుకుడు అనేది. పొక్కులు, పొట్టు, దురద ఉన్నప్పుడు. చిన్నపిల్లల నెత్తిమీద జుట్టు ఊడినప్పుడు. యాభై దాటిన స్త్రీకి నుదుటి గీతతోపాటు కనుబొమ్మలు కూడ పోతున్నప్పుడు. కనుబొమ్మల చివరలు రాలి, చర్మముమీద స్పర్శ లేని మచ్చ ఉంటే ఒక్కరోజు కూడ ఆగవద్దు. కుష్ఠు ఈ దేశములో ఇంకా పూర్తిగా పోలేదు. దానికి మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితంగా ఇస్తారు, త్వరగా వస్తే వైకల్యము రాదు.

గీత నిజంగానే జరుగుతున్నదని తేలితే మందులున్నవి. మినాక్సిడిల్ రాసుకొనేది, ఫినాస్టరైడ్ మింగేది. ఆపితే లాభము కూడ ఆగుతుంది గనుక డాక్టరుగారితో మాట్లాడి మాత్రమే మొదలుపెట్టండి. గర్భిణీ స్త్రీలు పగిలిన ఫినాస్టరైడ్ మాత్రను ముట్టకూడదు. జుట్టు నాటించుకోవడం ఆపరేషను. వెనుకతలలో తీయగలిగిన జుట్టు లెక్కకు ఉంటుంది, అది అయిపోతే మళ్ళీ పుట్టదు. ఇరవై రెండేండ్లకే చిన్ననాటి గీత మీద నాటిస్తే, ముప్పై అయిదుకు వెనుక జుట్టు పోయి ముందు వరుస ఒక్కటే మిగలవచ్చు. మొదటి గీత ఎక్కడుందో కనుక్కొమ్మని మేము చెప్పేది దానిని తిరిగి తెచ్చుకొమ్మని కాదు. ఎంత పోయింది, ఎంత పోలేదు అని నిజము తెలుసుకొనుటకు. భయముతో సంతకము పెట్టిన కిస్తీలు జుట్టుకంటె ఎక్కువకాలము ఉంటాయి.

ఈ ఆదివారము ఇంటికి వెళ్ళి అద్దం ముందు కనుబొమ్మలు ఎత్తి చూడండి. ఒక వేలు వెడల్పే ఉంటే నిశ్చింతగా ఉండండి, ఏడాది తరువాత అదే వెలుతురులో మళ్ళీ చూడండి. ఎక్కువ ఉంటే పాత ఫోటో ఒకటి తీసుకొని రండి. చీటీ మీద జ్వరమని రాయించనక్కరలేదు. జుట్టు అనే రాయించండి, మేము నవ్వము.