యాప్ కన్నా ముందు గుంత

పోయిన సెమిస్టర్ హ్యాకథాన్‌లో మా టీమ్ 'ఆఫ్రికా రైతుల కోసం యాప్' అని ఐడియా ఇచ్చింది. "ఏ దేశం? ఏ పంట?" అని జడ్జి అడిగితే నలుగురం మొహమొహాలు చూసుకున్నాం.

ఆ రాత్రి సిగ్గుతో వెతికితే యాకుబా సవడోగో గురించి తెలిసింది. ఈయన బుర్కినా ఫాసో ఉత్తర ప్రాంతపు రైతు. 1980ల కరువులో చాలామంది ఊళ్లు వదిలి వెళ్తుంటే, ఈయన అక్కడే ఉండి 'జాయ్' అనే పాత పద్ధతిని మెరుగుపరిచాడు. ఎండాకాలంలోనే, రాయిలా గట్టిపడిన నేలలో చిన్న గుంతలు తవ్వి, పశువుల ఎరువు వేస్తారు. దాని కోసం చెదపురుగులు వచ్చి నేలని గుల్ల చేస్తాయి. వాన పడితే నీళ్లు జారిపోకుండా గుంతలోనే ఇంకుతాయి. అందులో జొన్న, సజ్జ పండిస్తారు. మొదట్లో ఆయన్ని పిచ్చోడన్నారు. 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది.

కరువు ఏడాది బయటి నుంచి బియ్యం, గోధుమలు వెళ్లాల్సిందే, కాదనను. కానీ మరుసటి ఏడాది కూడా తిండి ఉండాలంటే ఆ నేలే పండాలి. అక్కడ తెలివికి కొరత లేదు. గుంతలు తవ్వడానికి మనుషులు కావాలి, వాటిలో వేయడానికి ఎరువు కావాలి. సాయం చేసేవాళ్లు ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడే అని నా అభిప్రాయం.

మన సీఎస్ఈ వాళ్లకి పురుగు కనిపిస్తే తీసేయడమే తెలుసు. ఆయన దానికి పని అప్పజెప్పాడు. ఈసారి హ్యాకథాన్‌కి ల్యాప్‌టాప్ తెరిచే ముందు, జడ్జి అడిగిన ఆ రెండు ప్రశ్నలూ మనమే వేసుకుందాం.