మూడు నెలల చక్కెర లెక్క

"రెండు రోజుల నుంచి తీపి ముట్టలేదు సార్. అన్నం మాని జొన్న రొట్టెనే తింటున్న. పొద్దున షుగరు 118 వచ్చింది. ఇగ గోళీలు బందు చెయ్యాల్నా?"

తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేసే ఒకాయన మొన్న ఎండాకాలంలో వికారాబాద్‌లో నన్ను అడిగిన మాట ఇది. ఆయన అరికాలిలో రాతి పెచ్చు గుచ్చుకుని పుండు పడింది. నాలుగు రోజుల దాకా ఆ సంగతే తెలియలేదట! గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే 9.8 శాతం వచ్చింది.

ఒకటి 118, ఇంకొకటి 9.8. ఏది నిజం? రెండూ నిజమే. మొదటిది ఆ పూట సంగతి. రెండోది సుమారు మూడు నెలల సంగతి.

పెనం మీద రొట్టె ఎర్రబడడం చూస్తారు కదా. పిండిలోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసినందువల్ల వచ్చే రంగు అది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ ఈ చర్యను 1912లో వివరించాడు. అటువంటి కలయికే మన ఒంట్లోనూ నెమ్మదిగా జరుగుతుంది. రక్తంలో గ్లూకోజు ఎక్కువైన కొద్దీ ఎర్రకణాల్లోని హీమోగ్లోబిన్‌కు ఎక్కువగా అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అన్నాళ్లూ ఆ గుర్తు ఉంటుంది. రెండు రోజుల పథ్యంతో అది చెరగదు.

కొత్త కణాలు పుడతాయి కనుక హీమోగ్లోబిన్ మారిపోతుంది. కాని కంటి కటకంలో, రక్తనాళాల గోడల్లో ఉండే మాంసకృత్తులు ఏళ్ల తరబడి అవే. చక్కెర పట్టి అవి బిరుసెక్కుతాయి. చూపు మందగించడానికి, మూత్రపిండాలు చెడడానికి, కాళ్లు మొద్దుబారడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. షుగరును గట్టిగా అదుపులో ఉంచితే ఈ చిక్కులు బాగా తగ్గుతాయని 1993లో అమెరికా, కెనడాలలో 1,441 మందిపై ముగిసిన పరిశీలన రుజువు చేసింది.

మీరు చేయవలసినవి:

షుగరు అదుపులో లేకపోతే మూడు నెలలకొకసారి, ఉంటే ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష చేయించుకోండి. చాలామందికి 7 శాతం లోపు మంచిది. వృద్ధులకు కొంత సడలింపు ఉంటుంది. రక్తహీనత ఉంటే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు, డాక్టరుకు చెప్పండి. జొన్న రొట్టెలోనూ పిండిపదార్థం ఉంది, లెక్క తప్పకండి. చెప్పుల్లేకుండా నడవకండి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. మందులు సొంతంగా ఆపకండి.

ఆయన పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అదృష్టవశాత్తూ కాలు దక్కింది.